ఎలకల బావ మూడో సంతకం

ప్రభుత్వం మారిన మూడో రోజున ముసోండా ఓడిపోయినవాళ్ళ గుడ్డ కట్టుకుని జిల్లా ఆరోగ్యాఫీసుకి వెళ్ళింది.

కావాలని చేసింది కాదు. ఉన్న నాలుగు చితెంగె గుడ్డల్లో మూడు ఉతికి తీగ మీద వేసింది, మిగిలింది అదొక్కటే. ఎన్నికల ముందు పాత పార్టీవాళ్ళు లారీల్లో తెచ్చి కలంబ్వె ఊరంతా పంచారు. మంచి గుడ్డ, రంగు పోదు. నడుముకి చుట్టుకుంటే సరిగ్గా కూర్చునే చోట అధ్యక్షుడి మొహం వచ్చేది. ఇన్నేళ్ళూ ఆయన మన నెత్తి మీద కూర్చున్నాడు, కొన్నాళ్ళు మనం ఆయన మీద కూర్చుంటే తప్పేముందని ఆడవాళ్ళంతా మహా ఇష్టంగా కట్టారు. ఇప్పుడు ఆయన ఓడిపోయాడు. గుడ్డ మాత్రం ఇంకా చిరగలేదు.

గుమ్మం దగ్గర గుమాస్తా ఆపాడు.

"కలుబ వాళ్ళమ్మా, ఆ మొహంతో లోపలికెళ్ళకు."

"నా మొహానికేమైంది?"

"ముందున్నదానికి ఏం కాలేదు. వెనకున్నదాని సంగతి చెప్తున్నా."

ముసోండా నీళ్ళ ట్యాంకు చాటుకి వెళ్ళి గుడ్డ తిరగేసి కట్టుకొచ్చింది. మొహం లోపలికి పోయింది కానీ నీడలాగా పైకి కనిపిస్తూనే ఉంది. గుమాస్తా ఒకసారి చూసి, "ఓడిపోయినంత మాత్రాన ఎక్కడికి పోతార్లే" అని గొణిగి, పక్కకి జరిగాడు.

ఆమె చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. కాగితం అడుగున మూడు గీతలున్నాయి. రెండు గీతల మీద సంతకాలు పడ్డాయి. మూడోది ఖాళీ.

ముసోండాకి ముప్ఫై తొమ్మిదేళ్ళు. ముగ్గురు మగపిల్లలు, పెద్దవాడు కలుబ. వాళ్ళ తర్వాత ఒక ఆడపిల్ల పుట్టింది. పుట్టింది అనడం సరైన మాటేనా అని ముసోండాకి ఇప్పటికీ సందేహమే. పురిట్లో గర్భసంచి మీద పాత ఆపరేషను కోత విచ్చుకుంది. ఒంట్లో రక్తమంతా మంచం కిందికి కారిపోతుంటే పిల్లని బయటికి తీశారు. పిల్ల ఏడవలేదు. ముసోండా ఐదు రోజుల తర్వాత కళ్ళు తెరిచేసరికి పాతిపెట్టడం కూడా అయిపోయింది. ఎవరు ఎత్తుకున్నారు, ఏ గుడ్డలో చుట్టారు, ఎవరి పోలిక అని అడిగితే అందరూ నేల చూశారు. మేనత్త న్సామా ఒక్కతే జవాబు చెప్పింది: "నీ పోలికే. నుదురు, చెవులు, అన్నీ నీవే." మూడేళ్ళుగా ముసోండా ఆ ఒక్క మాటతో కాపురం చేస్తోంది.

మళ్ళీ కడుపు పండితే ప్రాణం మీదికి వస్తుందని అప్పుడే చెప్పారు. అందుకని మూడు నెలలకోసారి వెళ్ళి సూదిమందు వేయించుకునేది. ఎన్నికల ముందు ఆ మందు రావడం ఆగిపోయింది. గుడ్డల లారీలు మాత్రం వారం తప్పకుండా వచ్చాయి. ఇప్పుడు కడుపుతో పదకొండో వారం.

జిల్లా ఆసుపత్రిలో నముకొలో అనే కుర్ర డాక్టరమ్మ ఉంది. ఆమె మెషీన్లో చూసి దాచకుండా చెప్పింది.

"గోడ పల్చబడిపోయిందమ్మా. ఉల్లిపొర. ఏడో నెలదాకా ఆగుతుందని నేను చెప్పలేను. చిరిగితే ఎక్కించడానికి రక్తం రెండు గంటల దూరంలో ఉంది, అదీ రోడ్డు బాగుంటే. ఈసారి ఐదు రోజులు కాదు కదా, యాభై రోజులైనా కళ్ళు తెరవవు."

ఇలాంటి తల్లి గర్భం తీయించుకోవచ్చని యాభై ఏళ్ళనాడు రాసిన చట్టమే చెబుతోంది. కాకపోతే ముగ్గురు డాక్టర్లు సంతకం పెట్టాలంటుంది. ఆ చట్టం రాసినాయన రాజధాని లుసాకాలో కూర్చుని రాసి ఉంటాడు, కిటికీలోంచి చూస్తే ముగ్గురు డాక్టర్లు టీ తాగుతూ కనిపించి ఉంటారు. కలంబ్వెలో ముగ్గురు డాక్టర్లని ఒక్కచోట చూడాలంటే వాళ్ళలో ఒకరు చచ్చిపోవాలి.

మొదటి సంతకం నముకొలో పెట్టింది. రెండోది రైల్వేలో డాక్టరుగా పనిచేసి ఎప్పుడో దిగిపోయిన చిబూయె తాత. ఎనభై దాటాయి. కళ్ళద్దాలు రెండు జతలు మార్చి చదివి, సంతకం పెట్టి, "నేనింకా బతికే ఉన్నానని వాళ్ళకి గుర్తుంటే ఇది చెల్లుతుందే తల్లీ" అన్నాడు. మిషను ఆసుపత్రిలో డాక్టరు సన్యాసిని. ఆవిడ ముసోండా చెయ్యి పట్టుకుని, ప్రార్థన చేస్తాను గానీ సంతకం చేయనంది. జిల్లా ఆసుపత్రిలో ఉండే ఇంకో డాక్టరు పెద్ద చదువుకని ఊరు దాటాడు. ఇక మిగిలింది జిల్లా ఆరోగ్యాధికారి డాక్టర్ మసెకో.

"పన్నెండో వారం దాటితే ఇక్కడ చేసే వీలు లేదు" అని నముకొలో ముందే చెప్పింది. "న్డోలా పెద్దాసుపత్రికి పోవాలి. అక్కడ మళ్ళీ మొదట్నుంచి మూడు గీతలు. వచ్చే శుక్రవారంలోగా రా."

మసెకో పేరు వినగానే ముసోండా గుండె కుదుటపడింది. ఆయన న్గోనీ మనిషి, ఈమె బెంబా మనిషి. ఆ రెండు జాతులకీ ఎగతాళి వరస. తాతల కాలంలో బల్లేలతో పొడుచుకుని, ఇద్దరూ అలిసిపోయి, ఇకనుంచి మాటలతో పొడుచుకుందామని ఒప్పందానికొచ్చారట. అప్పట్నుంచి న్గోనీవాడు ఎదురైతే బెంబా మనిషి నోటికొచ్చింది అనొచ్చు. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. న్గోనీలు ఎలకలు తింటారని వీళ్ళు, బెంబాలు కోతులు తింటారని వాళ్ళు. ఇద్దరూ నిజమే చెబుతారు, ఇద్దరూ ఒప్పుకోరు. చావుల దగ్గరా అదే వరస. బెంబా ఇంట్లో చావైతే ఊళ్ళో ఉన్న న్గోనీ బావలు రావాలి, శవం పక్కన కూర్చుని వేళాకోళాలాడాలి, గొయ్యికి మొదటి పార దెబ్బ వాళ్ళే వెయ్యాలి. ఏడ్చి ఏడ్చి మొద్దుబారిన ఇంటిని నవ్వించి లేపడం వాళ్ళ బాధ్యత.

మామూలుగా అయితే ఆమె కనపడగానే మసెకో, "చెట్ల మీద కోతుల్ని జాగ్రత్త చేసుకోండర్రా, బెంబావాళ్ళొచ్చారు" అనేవాడు. ఆ రోజు ఏమీ అనకుండా కుర్చీ చూపించాడు. ముసోండాకి అక్కడే అనుమానం వచ్చింది. వేళాకోళం మానేసి మర్యాద మొదలుపెట్టిన బావని నమ్మకూడదు.

ఆయన కాగితం రెండుసార్లు చదివాడు.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"మరి పెన్ను లేదా?"

"పెన్నుంది. మంత్రి లేడు."

"నాకు మంత్రితో పనేంటి బావా?"

"ఆరోగ్యమంత్రి ఎవరో ఇంకా చెప్పలేదు. వాళ్ళు వచ్చి ఏమంటారో ఏమో. సోమవారం రా."

"ఆయనెవరో తెలిస్తే నా కడుపులో గోడ మందమవుతుందా?"

మసెకో లేచి కిటికీ మూసి వచ్చాడు. సన్నటి మనిషి, యాభైకి దగ్గర పడ్డాడు. సొంతూరు చిపాటాలో ఇల్లు కట్టిస్తున్నాడు, అది పైకప్పు దాకా వచ్చి ఆగిందని ఆఫీసులో అందరికీ తెలుసు.

"మొన్న మైదానంలో గెలిచినవాళ్ళ సభ అయింది. వాళ్ళ జిల్లా ఛైర్మను ఏమన్నాడో వినలేదా? ఈ దేశం దేవుడిదని రాజ్యాంగంలోనే రాసుకున్నాం, ముందుగా ఆసుపత్రుల్లో రిజిస్టర్లు తెరిపిస్తాం, కడుపులు తీయడానికి ఎవరెవరు సంతకాలు పెట్టారో పేర్లు చదివిస్తాం అన్నాడు."

"అది చట్టమా?"

"కాదు."

"ఆర్డరా?"

"కాదు."

"మరేంటి?"

"మైకు" అన్నాడు మసెకో. "కిందటిసారి ప్రభుత్వం మారినప్పుడు నా ముందున్నాయన్ని సరిహద్దు దగ్గరికి విసిరేశారు. ఆయన చేసిన నేరం పాత మంత్రి కూతురి పెళ్ళిలో భోజనం చెయ్యడం. నేను పెట్టనని అనట్లేదు. కాస్త గాలి ఎటు వీస్తోందో చూడనీ. సోమవారం రా."

సోమవారం వెళితే మీటింగులో ఉన్నాడు. సాయంత్రందాకా బెంచీ మీద కూర్చుంటే గుమాస్తా వచ్చి, "బుధవారం రమ్మన్నారు" అని చెప్పి, చెప్పినందుకు తనే సిగ్గుపడి, తన టిఫినులోంచి ఒక వేయించిన పిండుండ చేతిలో పెట్టాడు.

ఇంటికి నడుస్తూ ముసోండా ఆ పిండుండ తింటోంది. ఆగస్టు గాలికి దుమ్ము లేచి రైలు కట్ట కనిపించడం లేదు. అప్పుడు తట్టింది ఆమెకి, తన మనసు తేలిగ్గా ఉందని. బుధవారం అనగానే లోపలెక్కడో చిన్న దీపం వెలిగిందని. తట్టగానే కాళ్ళు ఆగిపోయాయి.

ఈ పది రోజులుగా ఆమె రోజులు లెక్కపెట్టుకుంటోంది. గడువు దాటిపోతుందేమోనన్న భయంతోనే అనుకుంటోంది. ఇప్పుడు చూసుకుంటే ఆ లెక్క రెండో వైపునుంచి సాగుతోంది. మసెకో పెట్టడు. గడువు దాటిపోతుంది. తప్పు తనది కాదు, ప్రభుత్వానిది. అప్పుడు ఈ పిల్ల ఉండిపోతుంది. ఆడపిల్లే, అందులో సందేహం లేదు. మగపిల్లల వేవిళ్ళప్పుడు మట్టి తినాలనిపించేది. ఆ ఒక్కదానికీ, మళ్ళీ దీనికీ పుల్లటి అడవిపళ్ళు. వచ్చినదే మళ్ళీ వచ్చింది, కిందటిసారి అమ్మని చూడకుండా వెళ్ళిపోయానని వెనక్కి వచ్చింది అనిపించేది. పొద్దున్నే కళ్ళు తెరవకముందు ఆ పిల్ల బరువు చేతుల మీద తెలిసేది. మోయని బరువు ఎలా తెలుస్తుందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? అందుకే ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం సాయంత్రం భర్త కపాసా ఫోను చేశాడు. దార్ రేవుకి వెళ్ళే గూడ్సు బండికి గార్డు అతను. సరిహద్దు అవతల వంతెన బాగుచేస్తున్నారని బండి నాలుగు రోజులుగా కదలడం లేదు.

"సంతకమైందా?"

"మంత్రిగారు ఇంకా పుట్టలేదట."

"ఆయన పుట్టేదాకా నిన్ను ఆగమన్నారా? వరసలో ముందు నిలబడ్డది నువ్వు కదే."

ముసోండా నవ్వింది. అటునుంచి అతనూ నవ్వాడు.

"ముసోండా, ఒకవేళ ఈసారి..."

"అనకు."

"నేనేం అనబోయానో నీకు తెలుసా?"

"తెలుసు కాబట్టే అనొద్దన్నా. నేను రోజూ అదే అనుకుంటున్నా. నువ్వు కూడా అంటే ఇంక నేను వెళ్ళను."

అతను అనలేదు. రైలు సంగతులేవో చెప్పి పెట్టేశాడు.

ఆ పూట ముగ్గురు పిల్లలూ మొక్కజొన్నపిండి న్షిమా ముద్దలు చేసుకుని ఎండుచేపల పులుసులో ముంచుకుని తింటుంటే ముసోండా గోడకి చేరబడి చూసింది. ఆరేళ్ళ చిన్నవాడు చేవె ముద్ద సరిగ్గా చెయ్యడం రాక, అన్నని చూసి చేస్తున్నాడు. తను లేకపోతే వీళ్ళని ఎవరో ఒకరు అడుగుతారు, మీ అమ్మకేమైందర్రా అని. అప్పుడు వీళ్ళు ఏం చేస్తారో ఆమె కళ్ళకి కట్టింది. ముగ్గురూ నేల చూస్తారు. ఆ చూపు ఆమె మూడేళ్ళ కిందట ఊరందరి దగ్గరా చూసింది. తన పిల్లలకి అది నేర్పి పోవడం ఆమెకి ఇష్టం లేదు.

బుధవారం మసెకో, "శుక్రవారం సాయంత్రానికి తేలిపోతుంది" అన్నాడు. శుక్రవారం సాయంత్రానికి పన్నెండో వారం కూడా తేలిపోతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, డాక్టరే కదా.

ఆమె తిన్నగా మేనత్త ఇంటికి వెళ్ళింది. న్సామాకి డెబ్భై ఏళ్ళు. నలుగురు భర్తల్లో ముగ్గుర్ని పాతిపెట్టింది, నాలుగోవాడు భయపడి పారిపోయాడని ఊళ్ళో అంటారు. వేరుశనక్కాయలు ఒలుస్తూ అంతా విని, చివరికి ఒకటే అడిగింది.

"వాడు నీకు వరసేనా?"

"వరసే. ఎలకల బావ."

"నువ్వు చస్తే మొదటి పార ఎవరెయ్యాలి?"

"వాడే."

"మరి ముందుగా కబురు చెప్పొద్దుటే? పెద్ద ఉద్యోగస్థుడు. చెప్పాపెట్టకుండా చస్తే వాడికి తీరికుంటుందో ఉండదో."

ముసోండా అత్త మొహంలోకి చూసింది. అత్త మొహంలో నవ్వు లేదు, వేరుశనక్కాయలు ఒలుస్తూనే ఉంది. కానీ కంటికొసలో ఏదో కదిలింది. మేనత్త పోలిక తనకి వచ్చింది మొహంలో కాదు, అక్కడే.

గురువారం ఆరోగ్యాఫీసు ఆవరణలో పసిపిల్లల్ని తూకం వేసే రోజు. మామిడిచెట్టు కొమ్మకి తక్కెడ వేలాడదీస్తారు, తల్లులు వరసలో నిలబడతారు, పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తారు. ఆ సందట్లోకి న్సామా చాప ఒకటి చంకన పెట్టుకుని, భుజాన పార వేసుకుని నడిచింది. వెనక ముసోండా. అత్త తిన్నగా మసెకో గది ఎదురుగా వరండాలో చాప పరిచింది. ముసోండా దాని మీద వెల్లకిలా పడుకుని మెడదాకా గుడ్డ కప్పుకుంది. న్సామా తలాపున చతికిలబడి గొంతెత్తింది.

"ఓ నా మేనకోడలా, సోమవారం రమ్మన్నారే తల్లీ. ఓ నా బంగారమా, బుధవారం రమ్మన్నారే తల్లీ. మంత్రి రాకముందే నువ్వు పోతున్నావా, ఆయన్ని చూడకుండానే పోతున్నావా..."

వరసలో తల్లులు మొదట బిత్తరపోయారు. తర్వాత పారని చూశారు, గది తలుపు మీద మసెకో పేరు చూశారు, ఒకావిడ ఫక్కున నవ్వింది. ఇంకొకావిడ చంటిదాన్ని చంకన సర్దుకుని, "ఎలకల బావకి కబురెళ్ళిందా?" అని అరిచింది. నలుగురైదుగురు అత్త పాటకి వంత కలిపారు. గుమాస్తా లోపలికి పరిగెత్తాడు.

మసెకో బయటికొచ్చాడు.

"ఏంటిది?"

"చావు బావా" అంది ముసోండా చాప మీదనుంచే. "నీ తీరిక చూసుకుని ముందుగా పెట్టుకున్నాం."

ఆయన చుట్టూ చూశాడు. నలభై మంది ఆడవాళ్ళు కాచుకుని ఉన్నారు. పోలీసుల్ని పిలవొచ్చు, గది తలుపేసుకోవచ్చు. కానీ బెంబా చావు దగ్గర మూతి ముడుచుకుని లోపలికెళ్ళిన న్గోనీవాడు మళ్ళీ ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. చిపాటాలో వాళ్ళమ్మకి తెలిస్తే ఆవిడా ఊరుకోదు. ఆయన చొక్కా చేతులు నెమ్మదిగా పైకి మడిచాడు.

"చావు భోజనంలోకి ఎలకలు వండారా?"

"నువ్వు పట్టుకొస్తే వండుతాం."

"కోతులు తిని బలిసిన ఒళ్ళిది. ఇంత గొయ్యి నావల్ల కాదు."

"అందుకే కొలతలు తీసుకో. ఎక్కువ తవ్వి నడుం పట్టేసుకుంటే మళ్ళీ సోమవారం దాకా లేవవు."

ఆవరణంతా నవ్వింది. తక్కెడలో ఉన్న పిల్ల కూడా ఏడుపు మానేసింది. న్సామా పాతగుడ్డ పేలిక ఒకటి తాడులా పేని ఆయన చేతికిచ్చింది. మసెకో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కొన ముసోండా తల దగ్గర పెట్టి, రెండో కొన పట్టుకుని పాదాల వైపు జరిగాడు. "పొడుగు సరే, అడ్డం ఎక్కువుంది" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

ఆయన తిరిగి తల దగ్గరికి వచ్చినప్పుడు ముసోండా గొంతు తగ్గించింది. అత్తకీ ఆయనకీ తప్ప వినపడలేదు.

"రెండు తవ్వాలి బావా. రెండోది చిన్నది. ఎంతుండాలో నేను చెప్పలేను. కిందటిసారి నేను చూడలేదు."

మసెకో చేతిలో పేలిక కదలడం ఆగింది. వెనక ఎవరో ఇంకా నవ్వుతున్నారు. ముందున్నవాళ్ళు ఆయన మొహం చూసి ఆపేశారు, వాళ్ళని చూసి వెనకవాళ్ళు.

"లే" అన్నాడు.

"కొలత అయిందా?"

"లేవమ్మా."

లోపల ఆయన కూర్చోకుండానే సంతకం పెట్టాడు. తేదీ పెద్ద పెద్ద అంకెల్లో వేశాడు, ఎవరైనా చదివితే మైకు అక్కర్లేకుండా కనపడేలా. గుమాస్తా గుమ్మంలోంచి అడిగాడు, "ముద్ర కూడా వెయ్యమంటారా, అయ్యా?"

"వెయ్యి. సగం భయం ఎందుకు." కాగితం ముసోండా చేతికిస్తూ, "రేపు నన్ను ఏ అడవిలోకి తోస్తారో, అక్కడ తినడానికేముంటుందో" అన్నాడు.

"ఎలకలు లేని అడవుంటుందా బావా?"

ఆయన నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశాడు. నెల తిరక్కుండానే బదిలీ వచ్చింది. దీనికోసమే అని ఎవరూ అనలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు. ఆయన చోట్లోకి వచ్చిన కొత్తాయన ఏ జాతివాడో, ఎవరితో ఎగతాళి వరస ఉందో కనుక్కోవడానికి ఊళ్ళో ఆడవాళ్ళకి చాలా కాలం పట్టింది.

శుక్రవారం పొద్దున డాక్టరమ్మ నముకొలో మూడు సంతకాలూ చూసి, కాగితాన్ని వెలుతురులో పెట్టి ఇంకోసారి చూసింది, నమ్మకం కుదరనట్టు. తర్వాత ఇంకో ఫారం తీసింది.

"ఇది నేను అడగాలమ్మా. అడగడం నా పని. నీకు ఇష్టమేనా?"

ఇన్ని రోజుల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. చెయ్యొచ్చా కూడదా అని ముగ్గురు డాక్టర్లు, ఒక చట్టం, ఒక మైకు ఆలోచించారు.

"ఇష్టం కాదు డాక్టరమ్మా" అంది ముసోండా. "వద్దనుకుని వచ్చానా? నాకు కావాలి. ఈ పిల్ల నాకు ఎంత కావాలో చెప్తే మీరు సూది పక్కన పెట్టేస్తారు. రెండు గంటల దూరంలో ఉన్న ఆ రక్తం ఈ గదిలో ఉండుంటే నేను మీ మొహం కూడా చూసేదాన్ని కాదు. కానీ లేదు కదా. చెయ్యండి."

నముకొలో పెన్ను పట్టుకుని కూర్చుండిపోయింది. ఫారంలో ఉన్నది రెండే గళ్ళు. చివరికి మొదటి గడిలో టిక్కు పెట్టి, లేచి వచ్చి, ముసోండా తల మీద చెయ్యి వేసింది. చిన్నపిల్ల, ఆమె కలుబకి అక్కలాగా ఉంటుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఎంతోసేపు పట్టలేదు. న్సామా బయట బెంచీ మీద కూర్చుని ఉంది, ఆ రోజు ఒక్క హాస్యం కూడా ఆడలేదు.

ఆదివారం సాయంత్రం కపాసా దిగాడు. వంతెన బాగైందో లేదో గానీ బండి మాత్రం వచ్చింది. పక్కింటి రేడియోలో కొత్త మంత్రుల పేర్లు చదువుతున్నారు. ఆరోగ్యమంత్రి పేరు రాగానే పక్కింటాయన గోడ మీంచి తొంగి, "విన్నావా కలుబ వాళ్ళమ్మా?" అన్నాడు. వినలేదంది. ఆయన మళ్ళీ చెప్పబోతే కపాసా చెయ్యి ఊపి పంపించేశాడు.

భార్యాభర్తలిద్దరూ వెనక గుమ్మం మెట్ల మీద కూర్చున్నారు. కపాసా బూట్లు విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ దులిపాడు.

"ఏ పిల్లో చెప్పారా?"

"అప్పుడే తెలీదట."

"నీకు తెలుసు కదా."

"ఆఁ."

"నాకూ ఆడపిల్లనే అనిపించింది" అన్నాడతను బూటులోకి చూస్తూ. "ఫోనులో అనేస్తే నువ్వు వెళ్ళడం మానేస్తావని భయమేసింది. పెట్టేశాక అననందుకు ఏడ్చాను. పక్కన డ్రైవరున్నాడు, పొగ అని చెప్పా."

ముసోండా అతని భుజానికి తల ఆనించింది. ఇంజనాయిలు వాసన, చెమట వాసన. చీకటి పడలేదు ఇంకా, ఆకాశం దుమ్ముపట్టిన ఎరుపులో ఉంది.

"పేరేం అనుకున్నావు?" అన్నాడు కాసేపటికి.

"చెప్పను."

"నాక్కూడానా?"

"చెప్తే నువ్వు పిలుస్తావు."

అతను తల ఊపాడు. లోపల్నుంచి చేవె ఆకలి అని మూడోసారి అరిచాడు. ముసోండా లేచి వెళ్ళి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. పిండి డబ్బా మూత తీసి ఒక్కొక్కరికీ ఒక్కో గుప్పెడు చొప్పున ఐదు గుప్పిళ్ళు గిన్నెలో పోసింది. ఆరో గుప్పెడు తీసి, కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, మళ్ళీ డబ్బాలో వేసి మూత పెట్టింది.